తాబేలు కబురుతో హైదరాబాద్‌లో ఐదు రోజులు

బయల్దేరిన రాత్రి

నవంబరు ఆఖరి వారం. కాకినాడ టౌన్ స్టేషన్లో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కేటప్పుడు మా పెదనాన్న ఒక చేతిలో బట్టల సంచి, రెండో చేతిలో స్టీలు క్యారేజీ. క్యారేజీలో అన్నం ఉందనుకుని పక్క బెర్తు ఆవిడ "తినేయండి, చల్లారిపోద్ది" అంది. మూత తీసి చూపించాడు. మూడు గిన్నెల నిండా మా ఊరి ఇసుకే.

నేను ఉప్పాడకు ఇవతల ఒక మత్స్యకారుల ఊళ్లో పుట్టాను, అక్కడికి దగ్గర్లోనే హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పెదనాన్నకు అరవై మూడేళ్లు. వేట మానేసి ఎనిమిదేళ్లయింది. అప్పటి నుంచి అటవీ శాఖ వాళ్లతో కలిసి, వాళ్ల అనుమతితోనే, రాత్రిళ్లు ఒడ్డున తాబేలు గుడ్లకు కాపలా కాస్తున్నాడు. ఆయనతో పాటు మా ఊరి కుర్రాళ్లు ముగ్గురు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మా తీరానికి డిసెంబరు, జనవరి నుంచి ఏప్రిల్ దాకా గుడ్లు పెట్టడానికి వస్తాయి. అవి వచ్చేలోగా, గుడ్లు తెచ్చి భద్రంగా పాతిపెట్టే కంచెకు వల, వెదురు బొంగులు, ఎర్ర లైట్లు సమకూర్చుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, నలుగురికి నూరు రాత్రుల కూలి. రాత్రంతా ఒడ్డున తిరిగిన మనిషి పగలు పనికి పోలేడు. ప్రతి ఏడూ ఫిబ్రవరి వచ్చేసరికి కుర్రాళ్లలో ఒకరిద్దరు చేతులెత్తేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం, వాళ్లకూ ఇళ్లున్నాయి.

అందుకని హైదరాబాద్‌లో ఒక సర్కారు బడి, ఒక ప్రైవేటు బడి, ఒక అపార్ట్‌మెంటు వాళ్లతో ముందుగా మాట్లాడుకుని బయల్దేరాం. పోయినేటి గుడ్ల పెంకులు కూడా తెస్తే పిల్లలకు చూపించొచ్చు కదా అని పెదనాన్న అన్నాడు. వద్దన్నాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ తాబేలు మొదటి షెడ్యూలులో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. పెంకు దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. "మంచిదేలే, పెంకూ దానిదే కదా" అని ఇసుక నింపుకున్నాడు.

సామర్లకోట దాటాక నిద్రపోయాడు. క్యారేజీ తలకింద.

మొదటి రోజు, గురువారం

పొద్దున్నే లింగంపల్లిలో దిగి, ఆటోలో నిజాంపేటలోని మా చిన్నమ్మ కొడుకు ఇంటికి చేరాం. దారిపొడుగునా మేడల మీద మేడలు. పెదనాన్న ఏమీ అనలేదు. స్నానాలై, ఇడ్లీలు తిన్నాక ప్రగతినగర్ వెళ్లాం. ఈ ప్రయాణంలో నేను అన్నిటికంటే ఎక్కువ ఎదురుచూసింది ఆ మధ్యాహ్నం కోసమే.

సముద్రం ఎక్కడా కనపడని ఊళ్లో, సముద్రమట్టానికి 500 మీటర్ల పైన, దేశం మొత్తానికీ సముద్రం కబురు చెప్పే కేంద్రం ఉంది. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, అందరూ ఇన్‌కాయిస్ అంటారు. 1999లో మొదలైంది. మా ఊరి వాళ్ల ఫోన్లకు "రేపు అలలు ఎత్తుగా ఉంటాయి, వేటకు వెళ్లొద్దు" అని వచ్చే హెచ్చరికకు పుట్టిల్లు ఇదే. ముందే ఉత్తరం రాసి అనుమతి తీసుకున్నాం కనుక ఒక తెలుగు అధికారి దగ్గరుండి చూపించారు.

చేపలు దొరికే చోట్ల గురించి మొదట చెప్పారు. ఉపగ్రహం పైనుంచి నీటి వెచ్చదనాన్నీ, నీటిలోని పచ్చదనాన్నీ చూస్తుంది. వెచ్చటి నీరూ చల్లటి నీరూ కలిసే అంచున సూక్ష్మమైన పాచి పెరుగుతుంది, దాన్ని తినడానికి చిన్న చేప, చిన్న చేప కోసం పెద్ద చేప. ఆ అంచు ఎక్కడుందో లెక్కగట్టి, ఏ రేవు నుంచి ఏ దిక్కున ఎంత దూరం వెళ్లాలో చెబుతారు. పెదనాన్న శ్రద్ధగా విన్నాడు. "మేము పక్షుల్ని చూసి పోయేవాళ్లమండి. పక్షులు ఎక్కడ వాలితే అక్కడ వల. నీళ్ల రంగు మారినచోట గీత కనపడేది. ఆ గీతేనా మీరు చెప్పేది?" అన్నాడు. అధికారి ఒక్క క్షణం ఆగి, "అదే గీతండి" అన్నారు.

తర్వాత సునామీ గది. గోడంతా తెరలు, రాత్రీ పగలూ మనుషులు. 2007 అక్టోబరు 15 నుంచి ఇది నడుస్తోంది. ఎక్కడ భూకంపం వచ్చినా నిమిషాల్లో తెలుస్తుంది. సముద్రం అడుగున పెట్టిన పరికరాలు నీటి బరువులో తేడాను పసిగట్టి కబురు పంపుతాయి. పెదనాన్న ఒక్కటే అడిగాడు, "మరి ఆ డిసెంబరులో?"

2004 డిసెంబరు 26. సుమత్రా దగ్గర భూమి కంపించిన తర్వాత ఆ అలలు మన తూర్పు తీరానికి రావడానికి రెండు గంటలకు పైగా పట్టింది. అన్ని నిమిషాలు చేతిలో ఉండి కూడా చెప్పేవాళ్లు లేరు, చెప్పే ఏర్పాటే లేదు. అధికారి ఈ మాట చెబుతున్నప్పుడు గొంతు తగ్గించారు. ఆ రోజు పొద్దున్న పెదనాన్న ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నాడట. నీళ్లు ఎప్పుడూ రానంత పైకి వచ్చాయి, పడవ కొట్టుకుపోయింది, మనిషి బతికాడు. ఇరవయ్యేళ్లకు పైగా అయింది. ఆ రెండు గంటల సంగతి ఆయనకు ఇప్పుడే తెలిసింది. తెర కేసి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

పగడపు దిబ్బల మాట కూడా వచ్చింది. నీరు అతిగా వేడెక్కితే పగడాలు తమలో ఉండే నాచును వదిలేసి తెల్లబడిపోతాయి, ఆ వేడి అలాగే కొనసాగితే చచ్చిపోతాయి. అండమాన్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖల్లోని దిబ్బలకు ఆ ముప్పు ఎంతుందో ఇక్కణ్ణించే హెచ్చరిస్తారు. మన సముద్ర జాతీయ పార్కులు ఉన్నవి ఆ నీళ్లలోనే. కచ్‌లో 1982లో, అండమాన్‌లోని వండూరులో 1983లో, మన్నార్‌లో 1986లో ఏర్పాటయ్యాయి. దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరం ఉన్న మన ఆంధ్రకు ఒక్కటీ లేదు. మాకున్నది కోరింగ అభయారణ్యం, 1978 నాటిది. మడ అడవీ, కాకినాడ రేవుకు గోడలా నిలిచిన హోప్ ఐలాండూ అందులోవే. ఆ దీవి ఒడ్డుకూ తాబేళ్లు వస్తాయి.

వచ్చేసే ముందు పెదనాన్న అడిగాడు. "అయ్యా, తాబేలు ఏ రాత్రి వస్తుందో కూడా చెప్పగలరా?"

"అది మీరే మాకు చెప్పాలండి" అన్నారాయన. మర్యాదకు అన్న మాటలా లేదు. పుస్తకం తీసి పెదనాన్న చెప్పిన నెలలూ, గాలి దిక్కులూ రాసుకున్నారు.

రెండో రోజు, శుక్రవారం

కూకట్‌పల్లి వైపు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల. ఏడో తరగతిలో నలభై రెండు మంది. పాలమూరు నుంచి వలస వచ్చిన కూలీల పిల్లలు, శ్రీకాకుళం నుంచి ఇళ్లు కట్టడానికి వచ్చిన తాపీ మేస్త్రీల పిల్లలు, బీహార్ పిల్లలు నలుగురు. సముద్రం చూసినవాళ్లు చేతులెత్తండి అంటే ఐదు చేతులు లేచాయి.

నేను కంప్యూటర్లో బొమ్మలు సిద్ధం చేసుకుని వెళ్లాను. మూడో బొమ్మ దగ్గరే పిల్లల చూపులు కిటికీ వైపు పోవడం మొదలైంది. పెదనాన్న లేచి, "అమ్మా, అది ఆపు. బయట ఇసుక కుప్ప ఉంది, అక్కడికి పోదాం" అన్నాడు. బడి వెనక ఏదో గది కట్టడానికి పోసిన ఇసుక. ముందు దానిమీద రెండు బకెట్ల నీళ్లు పోయించాడు. పొడి ఇసుక తవ్వితే కూలిపోతుంది, తాబేలు కూడా తడి తగిలేదాకా పై పొరను నెట్టేస్తుంది.

తర్వాత ఆయన చేసింది నేను ఇన్నేళ్లలో ఎప్పుడూ చూడలేదు. కుప్పకు వీపు పెట్టి కూర్చుని, రెండు చేతులూ వెనక్కి పెట్టి, కళ్లు మూసుకున్నాడు. "తాబేలుకు తను తవ్వే గొయ్యి కనపడదర్రా. వెనక కాళ్లతో తడుముకుంటూ తవ్వుతుంది" అన్నాడు. కుడి అరచెయ్యి దొప్పలా ముడిచి ఇసుకలో దింపి, చెంచాతో తీసినట్టు కాస్త పైకి తీసి, పక్కకు పడేశాడు. ఆ చెయ్యి కదలకుండా అక్కడే ఆనింది. ఎడమ చెయ్యి దిగింది. మళ్లీ కుడి. చేతులు మారుతున్నప్పుడల్లా ఒళ్లు అటూ ఇటూ ఒరుగుతోంది, అచ్చం తాబేలు డిప్ప ఒరిగినట్టే. గోడలు రాలకుండా గుంట లోపలికి వెడల్పవుతోంది, మూతి మాత్రం సన్నగానే ఉంది. పావుగంటకు చెయ్యి మోచేతి దాకా మునిగింది. నలభై రెండు మందీ గుండ్రంగా మోకాళ్ల మీద కూర్చున్నారు, ఒక్కరూ కదల్లేదు. ఒక పిల్లాడు లోపలికి చెయ్యిపెట్టి తడిమి, "కుండ లెక్కుంది మేడం" అన్నాడు.

మూరెడు లోతు, కుండ ఆకారం. నేను క్లాసులో ఎన్నోసార్లు చెప్పిన మాటలే, కానీ ఆ పిల్లాడి మొహంలో అప్పుడు కనపడింది నా క్లాసులో ఎప్పుడూ చూడలేదు.

ఇక గుడ్లు కావాలి. బళ్లో టేబుల్ టెన్నిస్ బంతులు ఆరే ఉన్నాయి. మిగతావి పాత పేపర్లు తడిపి ఉండలు చేశారు. ఒక తల్లి సుమారు నూరు నుంచి నూటపాతిక గుడ్లు పెడుతుందని చెప్పాను, నూటపది చేద్దామన్నారు. చేస్తుంటేనే వాళ్లకు చేతులు నొప్పెట్టాయి. గుంటలో వేసేటప్పుడు పెదనాన్న లెక్కపెట్టాడు.

"లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొక్కటి, ఎనిమిది..."

పిల్లలు ఆపేశారు. ఒకటి అనకుండా లాభం ఏంది, ఏడు ఎటు పోయింది? మా వైపు ధాన్యం కొలిచినా, చేప లెక్కపెట్టినా మొదటిది లాభం. శుభంగా మొదలుపెడితే కలిసొస్తుందని. ఏడు అన్న మాటలో ఏడుపు ఉందని ఆరున్నొక్కటి అంటారు. ముందు వరసలో రెండు జడల పిల్ల వెంటనే అడిగింది, "మరి తాబేలు ఏడుస్తదా తాతా? టీవీల చూసిన, కళ్లల్లకెల్లి నీళ్లు కారుతున్నయ్."

ఇది నాకు ఇష్టమైన ప్రశ్న. సముద్రపు తాబేలు ఉప్పునీళ్లలోనే బతుకుతుంది, తిండితోపాటు ఉప్పు లోపలికి పోతూనే ఉంటుంది. కళ్ల దగ్గరుండే గ్రంథులు ఆ ఉప్పును చిక్కటి నీరుగా బయటికి పంపేస్తాయి. నీళ్లలో ఉన్నప్పుడూ కారుతుంది, మనకు కనపడేది ఒడ్డుకు వచ్చినప్పుడే. ఇదంతా చెప్పాక పెదనాన్న అన్నాడు, "మా అమ్మ మాత్రం పిల్లల్ని వదిలి పోవాల్సి వచ్చి ఏడుస్తుందనేది. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచు కదమ్మా అది." ఆ పిల్ల రెండూ నోట్‌బుక్కులో రాసుకుంది. నేను దిద్దలేదు. ఆడ తాబేలు తను పుట్టిన తీరానికే గుడ్లు పెట్టడానికి తిరిగి రావడం నిజమే మరి.

వెయ్యి పిల్లల్లో పెరిగి పెద్దయ్యేది ఒక్కటే కావచ్చని శాస్త్రవేత్తల అంచనా. నూటపది ఉండలు చేసిన చేతులకు ఆ లెక్క వేరేగా తగిలింది. ఒకడు వేళ్లు మడిచి, ఇలాంటి గుంటలు తొమ్మిది కాపాడితే గానీ ఒక్క తాబేలు మిగలదు అని తేల్చాడు. ఆ ఒక్కటీ తల్లి కావడానికి పదేళ్లకు పైగా పడుతుంది. ఇసుక వేడిని బట్టి పిల్లలు ఆడవో మగవో తేలుతుందనీ, వేడి పెరిగితే ఆడవి ఎక్కువవుతాయనీ చెప్పాను. గుడ్డును ఎత్తినప్పుడు తలకిందులు చెయ్యకూడదనీ, నలభై అయిదు నుంచి అరవై రోజులకు పిల్లలు వస్తాయనీ, వాటిని నీళ్లలో వదిలెయ్యకుండా కొంత దూరం ఇసుక మీద నడవనివ్వాలనీ కూడా చెప్పాను. తర్వాత గదిలో లైట్లన్నీ ఆర్పి, ఒక మూల టార్చి వెలిగించి, చెప్పుల్లేని పిల్లల్ని కళ్లు సగం మూసి వెలుతురు కేసి పాకమన్నాను. టార్చి కిటికీలో ఉంటే అది సముద్రం, తలుపు దగ్గరుంటే రోడ్డు మీది దీపం. గుడ్డులోంచి వచ్చిన పిల్ల తెల్లగా మెరిసే వైపే పోతుంది. మా ఊళ్లో బీచ్ రోడ్డు దీపాల కింద తెల్లారి ఎండి పడి ఉన్న పిల్లల్ని ఏరిన రోజులున్నాయి. అది మాత్రం వాళ్లకు చెప్పలేకపోయాను.

వెళ్లేటప్పుడు క్లాసు లీడరు పెన్సిళ్ల డబ్బా పట్టుకొచ్చాడు. పది రూపాయల నోట్లు, చిల్లర. మధ్యాహ్నం భోజనం గంటలో పోగుచేశారట. ఒక మనిషికి ఒక రాత్రి కూలి ఎంత అని పొద్దున ఎవరో అడిగితే అయిదొందలని పెదనాన్న చెప్పాడు. లెక్కపెడితే అయిదు వందల ఇరవై. ఇరవై తిరిగి ఇచ్చేసి, "ఒక రాత్రి మీది" అన్నాడు.

మూడో రోజు, శనివారం

పొద్దున పోవాల్సిన ప్రైవేటు బడి గేటు దగ్గరే ఆపేశారు. ఒప్పుకుంటూ వాళ్లు రాసిన ఉత్తరం నా చేతిలోనే ఉంది. లోపల ఏదో పెద్ద కార్యక్రమం, ఇవాళ కుదరదన్నారు. ఎండలో గంటసేపు నిలబడ్డాం. పెదనాన్న కాళ్లు లాగుతున్నాయంటే వెనుదిరిగాం. నాకు చాలా బాధేసింది.

మధ్యాహ్నం అఫ్జల్‌గంజ్ వెళ్లాం. మూసీ చూపించాలని నా కోరిక. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో పుట్టి, ఈ ఊరి మధ్యనుంచి పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. వంతెన మీద నిలబడి ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని పెదనాన్న కిందికి చూశాడు. ప్లాస్టిక్ సంచులు రాళ్లకు చుట్టుకుని నీటివాలుకు ఊగుతున్నాయి. "మా వలల్లో పడేవి ఇవేనా?" అన్నాడు. ఏ సంచి ఎక్కడిదని చెప్పలేం. కానీ నీళ్లు పోయే దారి మాత్రం అదే.

అక్కణ్ణించి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గరికి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్న రోజు, ఈ చెట్టు కొమ్మలు పట్టుకుని నూటయాభై మంది దాకా బతికారు. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించారు. పెదనాన్న చెప్పులు విడిచి చెట్టు మొదలు మీద చెయ్యి పెట్టాడు. ఎంతోసేపు తీయలేదు.

1996 నవంబరు 6 రాత్రి కాకినాడ దక్షిణాన తుపాను తీరం దాటింది. నేనప్పుడు చిన్నపిల్లని. ఇంటి కప్పు లేచిపోయిన చప్పుడు మాత్రం గుర్తుంది. కోరింగ వైపు పడవల్ని మడచెట్లకు కట్టుకుని, ఆ వేళ్ల మధ్య దాక్కుని బతికినవాళ్ల కథలు మా ఇళ్లలో చెబుతారు. నల్లమడ, తెల్లమడ, ఉప్పుపొన్న అని మా పిల్లలకు పేర్లు నేర్పేటప్పుడు ఆ కథతోనే మొదలుపెడతాను. చింతచెట్టు దగ్గర పెదనాన్న అన్నది ఇంతే, "దీన్ని ఇక్కడోళ్లు ఉంచుకున్నారు. మంచోళ్లు."

సాయంత్రం కోఠీలో ఎర్ర సెల్లోఫేన్ కాగితం కొన్నాం, టార్చీలకు చుట్టడానికి. ఎర్ర వెలుతురుకు తాబేలు అంతగా బెదరదు.

నాలుగో రోజు, ఆదివారం

చీకటితోనే రాంనగర్ చేపల మార్కెట్. ఇది పెదనాన్న కోరిక. బొచ్చె, రవ్వ, బతికున్న కొర్రమీనులు నీళ్ల తొట్లలో. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనేనని అమ్మేవాడు గర్వంగా చెప్పాడు. ఐసు పెట్టెల దగ్గరికి వచ్చాక పెదనాన్న మనిషే మారిపోయాడు. వంజరం మొప్ప ఎత్తి రంగు చూశాడు, చందువను వేలితో నొక్కి గుంట లేస్తుందో లేదో చూశాడు. "ఇది మూడు రోజులది. ఇది నిన్నటిది, మా రేవుదే అయ్యుంటుంది."

రొయ్యల కుప్ప దగ్గర మాత్రం ఆగిపోయాడు. రొయ్యల కోసం పడవలు సముద్రం అడుగున ఈడ్చే ట్రాల్ వలల్లో తాబేళ్లు చిక్కుకుంటాయి. వాటికి మొప్పలుండవు, మనలాగే ఊపిరితిత్తులు. పైకి రాలేకపోతే ఊపిరాడక చచ్చిపోతాయి. మా ఒడ్డుకు కొట్టుకొచ్చే పెద్ద తాబేళ్ల కళేబరాల్లో చాలావాటికి ఒంటిమీద గాయమే ఉండదు. వలలో అడ్డంగా ఊచల చట్రం బిగిస్తే రొయ్యలు ఊచల మధ్యనుంచి లోపలికి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పైనున్న కంతలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గట్టు దీన్ని తయారుచేసింది. కొంత చేప కూడా తప్పించుకుంటుందని పడవల వాళ్ల బెంగ, అది అర్థం లేనిదని నేననను. డీజిలు ఖర్చు వాళ్లది. కొనేవాళ్లు అడగడం మొదలుపెడితే పడవల వాళ్లు వింటారని పెదనాన్న నమ్మకం. అమ్మే అతన్ని అడిగాడు, "ఈ రొయ్య ఏ వలది నాయనా?" "ఎవరడుగుతరు అన్నా అది" అన్నాడతను. నిజంగానే ఆశ్చర్యపోయాడు పాపం.

సాయంత్రం మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంటు క్లబ్బు గది. నలభై మంది దాకా వచ్చారు. సగంమంది గోదావరి జిల్లాల వాళ్లే, పెదనాన్న "ఆయ్" అనగానే మొహాలు వెలిగాయి. మొదటి అరగంట మంచిమాటలే. ఒకాయన పెద్ద బోర్డు పెట్టిస్తానన్నారు, ఇంకొకరు టీషర్టులు. మనసున్న మనుషులే. నేనే సందేహిస్తూ కూర్చున్నాను, పెదనాన్న సూటిగా చెప్పేశాడు. "బోర్డు తాబేలు చదవదండి. మాకు రాత్రులు కావాలి."

అప్పుడు నేను వేరే తీరాల కథలు చెప్పాను. గుజరాత్‌లో తిమింగలం సొరచేపను నూనె కోసం వేటాడేవారు. 2001లో దాన్ని చట్టంలో మొదటి షెడ్యూలులో చేర్చారు. 2004లో ఊరూరా ప్రచారం మొదలయ్యాక దానికి 'వ్హాలీ' అని పేరు పెట్టుకున్నారు, కాన్పుకు పుట్టింటికి వచ్చిన కూతురన్న భావంతో. వలలో పడితే జాలర్లే వల కోసి వదిలేస్తారు, కోసిన వలకు అటవీ శాఖ డబ్బు ఇస్తుంది. రామేశ్వరం వైపు మన్నార్ నీళ్లలో మునిగి నాచు ఏరే మహిళలు నెలకు 12 రోజులే ఏరాలని తమకు తామే కట్టుబాటు చేసుకున్నారు. ఒడిశాలో రుషికుల్య ఒడ్డున వేలాది తాబేళ్లు ఒకేసారి గుడ్లు పెట్టినప్పుడు కాపలా కాసేది ఆ చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లే. ఈ మూడు చోట్లా చట్టం ముందే ఉంది. పని జరిగింది మాత్రం ఒడ్డున ఉండే మనిషి పూట గడిచే దారి దొరికినప్పుడు, ఆ పనిలో అతని మాటకు విలువ వచ్చినప్పుడు. నేను పదేళ్లుగా మా ఊళ్లో చూస్తున్నదీ ఇదే.

వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ, రిటైరైన బ్యాంకు ఉద్యోగి, లేచి దారి చూపించారు. ఒక్కో ఇల్లు ఒక్కో రాత్రి తీసుకుందాం. ఒక కాపలా మనిషికి ఆ రాత్రి కూలి ఆ ఇంటిది. మర్నాడు పొద్దున ఆ రాత్రి ఏం జరిగిందో ఫోన్లో మాటగా పంపాలి. ఏమీ జరగకపోయినా సరే, ఏమీ జరగలేదని పంపాలి. ఎక్కడా పేర్లు రాయొద్దు. కాగితం తిరిగింది. డెబ్బై మూడు రాత్రులు. ఒక కాలేజీ కుర్రాడు తన తాతయ్య వర్ధంతి రోజు అడిగి మరీ తీసుకున్నాడు. టీషర్టుల ఆయన పది రాత్రులు.

అయిదో రోజు, సోమవారం

పొద్దున్నే అమీన్‌పూర్ చెరువు. కుతుబ్‌షాహీల కాలం నాటిది. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చుట్టూ అపార్ట్‌మెంట్లు ముంచుకొస్తున్నా చలికాలం పిట్టలు వస్తూనే ఉన్నాయి. పోలీసులూ, కాలనీల వాళ్లూ, పిట్టల్ని చూడటానికి వచ్చేవాళ్లూ కలిసి చెత్త ఎత్తి, చెట్లు నాటి చెరువును నిలబెట్టుకున్నారు. ఒకాయన తన బైనాక్యులర్ పెదనాన్న మెడలో వేసి, దూరాన నీళ్లలో నిలబడ్డ తెల్లకొంగల్ని చూపించాడు. గట్టు మీద ఎవరో తాజాగా పోసిన భవనాల మట్టి కుప్పలు కూడా కనిపించాయి. వాటి గురించి మాట్లాడేటప్పుడు ఆయన గొంతులో వినపడిన అలసట నాకు బాగా తెలుసు. ఫోన్ నంబర్లు మార్చుకున్నాం.

రాత్రి లింగంపల్లిలో రైలెక్కాం. క్యారేజీ ఖాళీ. ఇసుక బళ్లో గుంటలోనే పోసేసి వచ్చాడు.

జనవరి

పిల్లల రాత్రి సంక్రాంతి వెళ్లిన మూడో రోజు వచ్చింది. తాబేలు రాలేదు. తెల్లారి పెదనాన్న ఫోన్లో చెప్పాడు, "ఏమీ రాలేదర్రా. నక్క అడుగులు కనిపించాయి, కంచె దాకా వచ్చి వెనక్కి పోయింది. చలిగా ఉంది." బళ్లో దాన్ని మూడుసార్లు వేయించుకుని విన్నారని వాళ్ల టీచరు చెప్పింది.

తొమ్మిది రోజుల తర్వాత, రాత్రి రెండు గంటలప్పుడు, ఈ ఏటి మొదటి తాబేలు. అది మియాపూర్ వాళ్ల రాత్రి, అయినా పిల్లలకూ పంపుదామన్నాడు పెదనాన్న. ఫోటో తియ్యలేదు, ఫ్లాష్ పడితే బెదిరి వెనక్కి పోతుంది. ఫోన్ ఇసుక మీద పెట్టి శబ్దం మాత్రం పట్టాం. అలలు, వెనక కాళ్లు ఇసుక చిమ్మే చప్పుడు, మధ్య మధ్య తల్లి బరువుగా తీసే ఊపిరి. అది తిరిగి నీళ్లలోకి వెళ్లిపోయాక, ఫారెస్టు గార్డు ఎర్ర లైటు పట్టుకుని పక్కన రాసుకుంటుంటే, పెదనాన్న గుడ్లు ఒక్కొక్కటే బుట్టలోకి ఎత్తుతూ లెక్కపెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆ బడి నుంచి తిరుగు రికార్డింగు వచ్చింది. సాయంత్రం ఒడ్డున పడవ నీడలో పెదనాన్నకు వినిపించాను. మా అలలు, ఆయన గొంతు, దాని మీద నలభై రెండు మంది గొంతులు. ఆరున్నొక్కటి దగ్గర వాళ్లే ఆయనకంటే ముందు అరిచారు. నూట పద్నాలుగు దాకా ఒక్కటీ వదలకుండా లెక్కపెట్టారు.